మూడో మడత

క్రాస్‌రోడ్స్‌లో పెద్ద బొమ్మ.
హెలికాప్టర్‌కి వేలాడే హీరోకి
క్రాపు కూడా చెదరదు.
ఇంటర్వెల్లో ఈలల మధ్య నుంచి జారుకుని
హిమాయత్‌నగర్‌లో ఒక మేడమీది చిన్న హాలుకి వెళ్లాను.
పదకొండు మందిమి. ఒక్క ఫ్యాను.

తెరమీద ముసలి గుమాస్తా ఒకడు
ఫైల్లో తేదీ చెరుపుతున్నాడు.
అంతే.
కాగితం మీద రబ్బరు గీరుకునే చప్పుడు.
పక్క గదిలో ఎవరో కుర్చీ జరిపారు.
నా అరచేతులు తడిశాయి.

రెండు గంటల్లో ఒక్క తూటా పేలలేదు.
చివర్లో ఒకడు టీ సగం వదిలేసి లేచాడు.
వాడి పని అయిపోయిందని
అందరికీ అర్థమైంది,
వాడికి తప్ప.

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతూ
అద్దంలో అదే బైకు మళ్లీ కనబడిందేమోనని చూశాను.
నవ్వొచ్చింది.
అకౌంట్స్ సెక్షన్ వాడి వెంట ఎవడు పడతాడు!

"లేటయిందేం?" అంది వకుళ.
"ఆడిట్," అన్నాను.
"కూర వేడి చేస్తా," అంది. కళ్లెత్తలేదు.

పొద్దున్నే
కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబు తడిమాను.
టికెట్టు ముక్క అక్కడే ఉంది.
నేను పెట్టింది రెండు మడతలు.
ఇప్పుడు మూడు.