ఐదేసి చొప్పున

పళ్లెంలో మాత్రలను ఐదేసి చొప్పున తోస్తాను
చిన్న నీలం గరిటతో.
పాతికేళ్లుగా నా చేతికి వచ్చిన లెక్క ఇదొక్కటే.

కౌంటరుకు అవతల ఇర్మెలి కోస్కెలా, బస్సు డ్రైవరు.
చేతి తొడుగులు విప్పకుండానే చీటీ అందించింది.
బయట సుపీరియర్ సరస్సు మీంచి గాలి
ధాన్యపు గోపురాలను గీరుతోంది.

రాత్రి రెండింటికి ఏం జరుగుతుందో
మొదట చీటీయే చెప్పింది. తర్వాతెప్పుడో తనే:
డిపోలో, ఇంజను ఆపేసి, లైట్లార్పిన బస్సులో
గులాబీ పూత పర్షియన్ బన్నులు ఒక డబ్బా,
వెనకే ఇంకో డబ్బా.
ఆకలి రుచెరగదంటారు.
"ఆకలైతే బాగుండు, అది ఆకలీ కాదు.
ఆ చేతులు ఎవరివో."

మొదటి మాత్ర మనసును కాస్త పైకెత్తింది,
డబ్బాల జోలికి పోలేదు.
రెండోది టోపిరమేట్.
వేళ్ల కొసల్లో చీమలు, సోడా చప్పన.
డబ్బాలు తగ్గాయి,
మాటలూ తగ్గాయి.
ఒక మంగళవారం మైకులో స్టాపు పేరు చెప్పబోయి
నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.
పదిహేడేళ్లు పలికిన పేరు.
బస్సంతా ఎదురుచూసింది.
వెనక సీట్లోంచి ఎవరో పిల్లాడు అందించాడు.

ఇవాళ మూడోది. తాళమేసిన బీరువాలోంచి తీశాను.
చెప్పాల్సినవన్నీ చెప్పాను:
పొద్దున్నే వేసుకో, ఆలస్యమైతే నిద్ర రాదు,
నోరెండుతుంది, గుండె దడదడలాడితే ఫోన్ చెయ్యి,
బరువు తగ్గడానికి కాదిది,
అలవాటుపడే గుణముంది, ఎవరికీ ఇవ్వకు,
గురువారం మాటల వైద్యం మానకు.

"మానను" అంది.
సంచీ అందుకుని, వెళ్లకుండా నిలబడింది.
"సరే, ఆ తిండి పోతుందనుకో.
రాత్రి రెండు మాత్రం వస్తుందిగా.
దాన్నేం చెయ్యాలి?"

నా కరపత్రం రెండువైపులా తిప్పి చూశాను.

మార్చిలో, మంచు బురదయిన రోజున,
బేకరీలో కనిపించింది. కిటికీ పక్క బల్ల,
పట్టపగలు, పింగాణీ పళ్లెం, ఫోర్కు,
పళ్లెంలో గులాబీ పూత.
నన్ను చూసింది. దాచుకోలేదు, పలకరించనూ లేదు.
పూతను ఫోర్కుతో కొంచెం గీసి
నాలుక మీద పెట్టుకుని
చాలాసేపు కిటికీలోకి చూసింది.

నా కళ్లు అలవాటుకొద్దీ
ఆ పళ్లెం వైపు లెక్కకు వెళ్లాయి.
వెనక్కి పిలుచుకుని
కాఫీకి చిల్లర ఏరుకున్నాను.