ఎడమ జేబులో నూనె సీసా

నా పని చిన్నది.
ఏ చేతిలో కప్పు ఉంది, ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు,
కొవ్వొత్తి ఎంతవరకు కరిగింది.
షాటుకీ షాటుకీ మధ్య లోకం మారిపోకుండా
పెన్సిలుతో కాపలా కాయడం.

సెతూబల్ రేవులో, చేపల డబ్బాల ఫ్యాక్టరీ వెనక వీధిలో
అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లు.
ఎంత సున్నం కొట్టినా గోడల్ని వదలని సార్డీన్ వాసన.
నలభై ఒకటో సీను:
జప్తు అధికారి వస్తాడు. గర్జిస్తాడు.
కుట్టుమిషను పట్టుకుపోతానంటాడు.
ఇల్లాలు కాళ్ళ మీద పడి ఏడుస్తుంది.
కాగితం మీద ఇంతే.

దర్శకుడు చీపురుకట్టంత మీసం తెప్పించాడు,
ఇనప నాడాల బూట్లు తెప్పించాడు.
"తలుపు తీసేసరికే చూసేవాడికి
కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుండాలి" అన్నాడు.
అదెలీను ఫ్రజావ్ తలూపాడు.
తలూపడంలో అతనంత బుద్ధిమంతుడు ఇంకొకడు లేడు.
మీసం మేకప్పు గది అద్దానికి అంటించి వచ్చేశాడు.
బూట్లు తన పాతవే, అడుగు చప్పుడు లేనివి.

మొదటి టేకులో లైటు పేలింది.
రెండోదానిలో వీధిలో గాడిద.

మూడోసారి వచ్చాడు. టోపీ తీశాడు.
చూసింది ఆమెను కాదు, మిషన్ని,
చాన్నాళ్ళకు కనిపించిన మేనకోడల్ని చూసినట్టు.
చక్రం మీది దుమ్ము చిటికెన వేలితో తుడిచాడు.
తిప్పాడు. కిర్రుమంది.
కోటు ఎడమ జేబులోంచి చిన్న నూనె సీసా తీశాడు.
అది ఎవరూ రాయలేదు, ఎవరూ ఇవ్వలేదు,
నా జాబితాలో లేదు.
మూడు చుక్కలు.
మళ్ళీ తిప్పాడు. చప్పుడు పోయింది.
"రేపు పొద్దున బండి వస్తుంది" అన్నాడు,
జ్వరం తగ్గుతుందిలే అని డాక్టరు చెప్పినట్టు.

అక్కడ ఎర్మీనియా ఏడవాలి.
గంటన్నర నుంచీ ఏడుపుని కళ్ళ వెనక దాచుకుని నిలబడింది పాపం.
"చాలా సంతోషమండీ" అంది.
తన నోట్లోంచి వచ్చిన ఆ మాట విని
తానే జడుసుకుని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆపమనాల్సినవాడు ఆపమనలేదు.
రీలు అయిపోయి, దాని తోక
కెమెరా పొట్టలో టపటప కొట్టుకునేదాకా
ఎవరమూ కదల్లేదు.
దర్శకుడు సిగరెట్టు తిరగేసి వెలిగించుకున్నాడు.

దుర్మార్గానికి గొంతు అరువిచ్చేవాళ్ళు బోలెడుమంది.
దానికి శ్రద్ధ అరువిచ్చినవాణ్ణి ఆ రోజే చూశాను.

ఎక్కడ దొరికాడయ్యా నీకీ మనిషి, అని అడిగాను.
చిన్నప్పుడు మా గోడగడియారం పట్టుకుపోయినవాడు
ముందు దానికి కీ ఇచ్చాడు, అన్నాడు.
మెట్లు దిగిపోతుంటే వాడి భుజం మీద
అది టిక్కుటిక్కుమంటూనే ఉందట.
"మంచివాడు" అందట వాళ్ళమ్మ.
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
మర్నాడు తెలిసింది, ఎర్మీనియాతో వేరేలా చెప్పాడని:
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అలా చేశానని.
దర్శకుడితో ఇంకోలా:
పన్నెండో పేజీలో మీరే రాశారుగా, అని.
పన్నెండో పేజీలో వాన తప్ప ఏమీ లేదు.

నా నోటుపుస్తకంలో మాత్రం ఒక వరస పెరిగింది:
నూనె సీసా, ఎడమ జేబు. మరక, చింతగింజంత.
చివరి సీనుకి దాన్ని అరచేయంత చేశాం.

యాభై ఎనిమిదిలో సీసా కుడి జేబులోంచి వచ్చింది.
తప్పు నాదే.
తెర మీద చూసుకుని ముచ్చెమటలు పట్టాయి.
"పోనీలే లుదొవీనా," అన్నాడు అదెలీను,
చీకట్లో పక్క సీటులోంచి,
"ఆ వారం ఎడమ జేబు చిరిగింది వాడికి.
కుట్టుకుందామంటే
మిషన్లన్నీ గిడ్డంగిలో ఉన్నాయి."

నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

మా ఇంట్లో మిషను ఈమధ్య కిర్రుమంటోంది.
నూనె ఉంది, అలమార పై అరలో.
వెయ్యను.