టిన్ను మోత

అప్పటికింకా మాది నెల్లూరు జిల్లా.
పటంలో చూస్తే తోక.
ఆ తోక చివర తడ.
తడ బజారులో, పంక్చర్ల కొట్టు పక్కన
రేకు తలుపు అంగడి నాది.

ఒక సబ్బు సంగతి చెబుతా వినండి.
అది మద్రాసుకు అవతల యాడనో పుడుతుంది.
లారీ ఎక్కి మా ఊరి మీదుగానే పోతుంది,
ఆగదు.
నెల్లూరు ఏజెంటు గోడౌన్లో నాలుగు రాత్రులు పడుకొని
ఆయన కమీషను ఒంటికి పూసుకొని
మళ్ళీ దక్షిణానికి మొహం తిప్పి
అంత దూరమూ వెనక్కొచ్చి నా అల్మారాలో కూర్చుంటుంది.
అట్ట మీద రేటు అందరికీ ఒకటే.
ఆరంబాకం కొట్లో రెండు తగ్గిస్తాడు.
నేను తగ్గిస్తే
మిగిలేది సబ్బు వాసన.

కస్తూరమ్మకు ఈ లెక్క ఎక్కదు.
రైలు గేటు కాడ దోసెల బండి ఆమెది.
చేతిలో డబ్బులుంటే ఆరంబాకం బస్సు,
లేకుంటే నా అంగడి.
మడిచిన గోనెసంచి చంకలో పెట్టుకొని
నా ముందర నుంచే పోతుంది,
పోయేటప్పుడు కొంగు ఇటు లాక్కొని
వచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకొని.
నెలాఖరున మాత్రం
"శెట్టీ, రాసుకో."
రాసుకుంటాను.
నోటుబుక్కులో ఆమెకే పదకొండు పేజీలు.

రొక్కం అవతలికి పోతుంది
పద్దు ఇవతల ఉంటుంది.
చెక్‌పోస్టు కర్ర ఎత్తినా దించినా
నాకు తెలిసిన సరిహద్దు అదే.

మరి నేనో?
ఆదివారం తెల్లారకముందే
బండి స్టార్టు చెయ్యకుండా సందు చివరిదాకా తోస్తాను.
ఆరంబాకం ఎంత దూరం, బీడీ ఒకటి కాలినంత.
జేబులో ఫోను ఒకసారి వణుకుతుంది,
బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి,
పెట్రోలు లీటరుకు ఎనిమిది దిగుతుంది.
నన్ను పోలీసులెవరూ ఆపరు.
మా ఊరి బంకులో పనిచేసే పోలయ్య కొడుకు
దినామూ నా దగ్గరే బీడీలు కొంటాడు.
వాడి చూపుకే నా భయమంతా.

ఒక ఆదివారం ఆ బంకు ముందర
బస్సు తప్పిపోయి
పదిహేను కిలోల నూనె టిన్ను మీద కూర్చొనుంది కస్తూరమ్మ.
నేను మూత తెరిచిన ట్యాంకు పక్కన నిలబడున్నాను.
ఆమె టిన్ను చూసింది, నా ట్యాంకు చూసింది.
నేనూ అంతే.
రొంతసేపటికి
"ఇక్కడ గాలి బాగా కొడతారంట గదా" అంది.
"అందుకే వచ్చినా" అన్నాను.

నా ట్యాంకులో అవతలి పెట్రోలు.
వెనక ఆమె.
ఆమె ఒళ్ళో అవతలి నూనె.
దోవంతా ఇద్దరం మాట్లాడలేదు.
నా అంగడి ముందర గతుకులో
టిన్ను డబ్బుమనింది.
రేకు తలుపు ఎత్తతా ఉన్న మా కోమలి
సగంలో ఆపింది.
"ఆ టిన్నెవరిది?"
"ఈమెదే."
"మోసుకొచ్చిందెవరు?"
దానికి నా దగ్గర రేటు లేదు.

మరుసటి దినం కస్తూరమ్మ వచ్చింది.
అరకిలో మినప్పప్పు, ఉప్పు ప్యాకెట్టు, ఎండుమిరపకాయలు.
"రాసుకో."
రాశాను.
కింద ఇంకో గీత గీసి
టిన్ను మోత, ఇరవై
అని రాసి
కొట్టేశాను.
"ఏంది కొట్టేస్తా ఉండావు?"
"తప్పు పడిందిలే."

సరుకు సంచిలో వేసుకొని
రెండడుగులు పోయి ఆగింది.
"వచ్చే ఆదివారం ఎన్ని గంటలకు పోతా శెట్టీ?"

బల్ల కాడ, బీడీ కట్ట కోసం చెయ్యి చాపి
పోలయ్య కొడుకు నిలబడున్నాడు.