చార్జి అప్పగింత

ప్రూయిట్,
తాళాలు పదకొండు. ఇక్కడ సంతకం పెట్టు.
ఇది రన్‌వే లైట్ల రిజిస్టరు,
పన్నెండో పేజీ మీద కాఫీ మరక నాదే.
మూడో నంబరు టార్చి ఒక దెబ్బ వేస్తేగాని వెలగదు.
కాగితం మీది అప్పగింత ఇంతటితో సరి.

మిగతాది కూర్చుని విను.
నన్ను తీసుకెళ్ళే విమానం ఇంకో రెండు గంటలు లేటు,
గాలి అడ్డం కొడుతోంది.
ఈ తెర్సెయిరా దీవిలో గాలికి
సెలవు పెట్టే అలవాటు లేదు.

నీ కళ్ళలో కేలండరు కనిపిస్తోంది.
నేనూ తెచ్చుకున్నాను ఒకటి.
మంచం పక్కన మేకు కొట్టి తగిలించి
రోజుకో గడి కొట్టేసేవాణ్ణి,
కొట్టేసినప్పుడల్లా ఎవరినో ఓడించినట్టు.
తొమ్మిది నెలలు నా దీవి పొడుగు అర కిలోమీటరు:
మెస్సు, జిమ్, మంచం.
కంచె అవతల సముద్రముందని
వాసన చెబితేనే తెలిసేది.

ఆ అక్టోబరులో ఒక రాత్రి డ్యూటీ.
టాక్సీవే చివర నీలం లైటు కింద
బూడిదరంగు మూటేదో కదిలింది.
పక్షిపిల్ల.
మెడ మీద ఇంకా నూగు,
వంకీ తిరిగిన ముక్కులో మాత్రం ముసలాయన కోపం.
మా మాన్యువల్లో పక్షులకు ఒకటే పేరు, ప్రమాదం.
రేడియో నోటిదాకా తెచ్చి ఆగాను.

రన్‌వే ఊడ్చే బండి దిగి వచ్చాడు జెఫెరీను.
నారింజపళ్ళు సీటు మీద కుమ్మరించి
ఖాళీ అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు.
"కగార్రు. కొండ బొరియలో పుట్టింది.
అమ్మానాన్నా ముందే నీళ్ళ మీదికి వెళ్ళిపోయారు.
ఇది చుక్కల్ని చూసి సముద్రం అటే అనుకుని ఎగురుతుంది.
మీ దీపాల్ని చుక్కలనుకుంది."
తప్పు పట్టినట్టు అనలేదు,
అందుకే గుచ్చుకుంది.
"తిండి పెట్టకు. ముద్దు చెయ్యకు. తెల్లారాక సముద్రాన్ని చూపించు."

రాత్రంతా మంచం కింద గోళ్ళ గీకుడు,
గదంతా చేపనూనె కంపు.
నిద్ర పట్టలేదు, చిత్రంగా విసుగూ పుట్టలేదు.

పొద్దున నల్లరాళ్ళ ఒడ్డున
కత్తితో రాతిగుల్లలు గీకుతున్న ఒకావిడ,
దియోలిండ, పెట్టెకేసి చూసి అడిగింది:
"ఎన్నోది?"
"మొదటిది."
"మా వీధిలో నిన్న నాలుగు."
రెక్కలు మూసి రెండు చేతుల్తో
వేడి రొట్టెను పట్టినట్టు పట్టమంది.
రాయి మీద పెడితే పది నిమిషాలు కూర్చుంది,
నా యూనిఫాం చేతి మీద రెట్ట వేసింది,
తర్వాత ఒక అల లేచిన క్షణాన, లేదు.
"ఆరేడేళ్ళు నేల తొక్కదట" అంది ఆవిడ,
"నీకేం, రెండేళ్ళే కదా!"

ఆ రోజు గడి కొట్టేయడం మర్చిపోయాను.
మర్నాడూ.

పెట్టె పట్టుకుని తిరిగితే తలుపులు తెరుచుకుంటాయి, ప్రూయిట్.
వెల్లుల్లి వెన్నలో కాల్చిన రాతిగుల్లలకు నాలుక కాలింది.
మే నెలలో తాడు కట్టిన ఎద్దు సందులోకి దూసుకొస్తే
దియోలిండ నా కాలరు పట్టి గోడ మీదికి లాగింది.
ఊడిపోయిన నా ఎడమ బూటు
ఇప్పటికీ కాఫీకొట్టు గోడకు వేలాడుతోంది.
భాషా వచ్చింది, తిట్లు ముందు, ధరలు తర్వాత.
పరామర్శ మాటలు చివర,
జెఫెరీను తమ్ముడి పడవ తిరిగిరాని వారం.

అదే కొట్లో ఒక పెద్దాయన నీతో మాట్లాడడు.
మన రన్‌వే కింద వాళ్ళ నాన్న గోధుమచేను ఉంది.
వాదించకు. సారీ కూడా చెప్పకు, నేను చెప్పి చూశాను.
పక్క కుర్చీలో కాఫీ తాగి లేచి రా.
పోయిన నెల చక్కెర గిన్నె నావైపు జరిపాడు,
అంతే.

ఈ అట్టపెట్టె రిజిస్టర్లో లేదు, సంతకం అక్కర్లేదు.
చిల్లులు ఇంకో నాలుగు పొడువు.
కేలండరు గోడకే వదిలేశాను,
వెనకవైపు పక్షుల లెక్కుంది, ముప్పై ఒకటి.
ఒకటి పెట్టెలోనే చచ్చిపోయింది, దాన్నీ కలిపాను.

అక్టోబరు రాగానే
హ్యాంగరు వెనక వరుస లైట్లు ఆర్పెయ్.
ఎందుకని అడిగితే
కరెంటు ఆదా అని రాయి.