ట్రయిలరు బేరం

ఆటోనగర్ మూడో వీధిలో
పొద్దున్నే ఎర్రరంగు వాసన.
నీలకంఠం షెడ్డు ముందు
మొన్నటి తుప్పు మీద నిన్నటి పెయింటు
ఇంకా వేలికి అంటుతోంది.

"నాలుగు టన్నులు కళ్లు మూసుకుని మోస్తుంది" అన్నాడు.
కళ్లు మూసుకునేది ట్రయిలరో, కొనేవాడో.

నా వరికోత మిషను చేలో ఏనుగు.
తారెక్కిందా, రబ్బరు చైను అరిగి
సీజను సంపాదన రోడ్డుకే రాసిచ్చినట్టు.
ఊరు దాటాలంటే పెళ్లికొడుకే,
పల్లకీ కావాలి.

ఖాజావలి వెల్డరు. బుగ్గన వక్క.
మాట్లాడకుండా కిందికి దూరాడు.
చాసిస్ పొడవునా స్పానరుతో కొట్టుకుంటూ పోయాడు,
డాక్టరు వీపు తట్టినట్టు.
ఖంగు, ఖంగు, ఖంగు,
ఒకచోట బొద్దుమంది.
ఆ బొద్దు దగ్గర పదిహేను వేలు తగ్గాయి.

టైర్ల పుట్టిన తేదీ చూశాం.
ర్యాంపు వాలు చూశాం.
హుక్కు పిన్ను నా బొటనవేలంత, మార్చమన్నాం.

"ఎంత మోస్తుందని కాదన్నా అడగాల్సింది,
ఆగమంటే ఆగుద్దా అని."
బయటికొచ్చాడు, గడ్డం నిండా గ్రీజు.
నాకా ప్రశ్న తట్టనే లేదు,
బ్రేకుల్లేని అప్పులు మూడు చేసినవాణ్ణి.

లక్షా అరవై. టీలు నీలకంఠం ఖాతాలో.

సాయంత్రం వారధి మీద, ట్రాక్టరు వెనక
ఖాళీ ట్రయిలరు ఒకటే మోత.
"బరువెక్కితే నోరు మూస్తదిలే."
కింద కృష్ణ, మొన్నటి వానతో ఎర్రగా.

దుగ్గిరాల నుంచి మళ్లీ ఫోను:
చేను పడుకుంది, ఎప్పుడొస్తారు?
వస్తున్నాం అన్నాను.
వెనక్కి తిరిగి చూశాను.
వస్తోంది.