దుబాసీ

ఆదివారం సాయంత్రం, బసవనగుడిలో ఒక హాలు.
వేదిక మీద నాలుగు కుర్చీలు, ఐదుగురు వక్తలు.
గంజాయి చట్టం సడలించాలా, వద్దా?
నేను మూడో వరసలో గోడవైపు కూర్చున్నాను.
ఎవరూ పిలవలేదు, డబ్బూ లేదు.
కానీ ఎవరు నోరు తెరిచినా
నా లోపల ఇంకో భాషలో పెదవులు కదులుతాయి.
పదకొండేళ్ళ కోర్టు అలవాటు.

రిటైరైన డాక్టరు అంకెలు చదివాడు.
బొటనవేలికి వెండి ఉంగరమున్న కుర్రాడు
"మొక్కే కదా సార్" అన్నాడు. చప్పట్లు.
కుర్చీ దొరకని లాయరు నిలబడే
శివుణ్ణి తెచ్చాడు, హోళీ భంగు తెచ్చాడు,
కిలో లోపు, కిలో పైన, ఇరవై పైన అంటూ
గాలిలో గీతలు గీశాడు.

ఆ చివరి గీతకి అవతల
పోయిన మంగళవారం వంతల బుద్రు నిలబడ్డాడు.
యశ్వంతపురంలో రైలు దిగుతుంటే దొరికాడు.
సంచి ఎవరిదో తెలీదు, ఎవరికివ్వాలో తెలీదు.
బరువెంతో తెలుసా అని అడిగారు.
"మా సెల్లంత ఉంటాదమ్మా" అన్నాడు,
నావైపే చూస్తూ.
నేను కన్నడంలో
"ఇరవై రెండు కిలోలు" అన్నాను.
కాగితాల్లో ఉన్నది అదే.
జడ్జిగారు తలూపి రాసుకున్నారు.

వాడికి తెలుగు రెండో భాష,
నాకు కన్నడం రెండోది.
కొండ మీద బయల్దేరిన మాట
బెంచీ ఎక్కేసరికి ఒట్టి గ్లాసు.
బెయిలంటే ఏటమ్మా అన్నాడు.
ఇంటికి పంపిస్తారు, వాయిదాకి మళ్ళీ రావాలి అన్నాను.
"రైలు సార్జీ ఎవులిత్తారు?"
అది అనువదించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

హాల్లో వెనక వరసలోంచి ఒకామె లేచింది.
మైకుని గరిటెలా పట్టుకుంది.
కన్నడం మధ్యలో తెలుగు తగులుతోంది, మా హోసూరు వైపు యాస.
"మావాడు పదిహేడేళ్ళకి మొదలుపెట్టాడు.
పోలీసుకి ఫోను చేసింది నేనే."
ఫ్యాను చప్పుడు వినిపించింది.
"మరి సడలించాలంటారా, వద్దంటారా?"
సభ నడిపే అమ్మాయి మర్యాదగానే అడిగింది.
"అది అడగడానికే వచ్చాను" అంది ఆమె.

వక్తలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.
మైకు ముందు వరసకి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర చీటీ ఇచ్చారు,
అనుకూలం, వ్యతిరేకం, ఒక పెన్సిలు.
చీటీ నా చేతిలోనే చెమటకి మెత్తబడింది.

గాంధీబజారు వైపు నడిచాను. తుంపర.
దుకాణం ముందు పాతిక కిలోల సోనామసూరి బస్తా.
ఎందుకో ఆగి, వంగి,
రెండు చేతులా పట్టి ఎత్తాను.
మోకాలి దాకా లేచింది.
బస్తాలో బియ్యం ఒక పక్కకి ఒరిగింది,
నిద్రలో పిల్ల ఒత్తిగిలినట్టు.
ఎన్ని బేకమ్మా అన్నాడు దుకాణదారు.

"ఏడేళ్ళ పిల్ల ఇంతుంటుందా?"
అన్నాను నేను,
తెలుగులోనే.