తాకీ తాకనట్టు

రాత్రంతా యూనివర్సిటీ ల్యాబులో
కాంతికణాల్ని మెల్లగా అడిగాను,
నిద్రపోతున్న పిల్ల నుదుటి మీద
చెయ్యివేసి జ్వరం చూసినట్టు.
ఒక్కో జవాబూ ఒట్టి గోల.
లక్ష పోగేస్తే
సన్నగా ఒక మొగ్గు.
ఉప్పుగాలికి అద్దాలు చెమర్చాయి, ఆపేశాను.

తెల్లారి ఫిషింగ్ హార్బర్‌లో
నూకరత్నం వచ్చిన బోట్లనే లెక్కపెడుతోంది.
“నడిసంద్రంలో ఏటయ్యిందో
ఒడ్డుకొచ్చినోళ్లనే కదా అడగాల.”

నేనూ అంతే:
చివరి గుమ్మం దాటిన
కాసిని కణాల్నే ఉంచుకుని
నడిదారి సంగతి లెక్కగట్టాను.
ఒకటి దాటకూడని చోట
వంద తేలింది.

చెబితే ఆమె నవ్వలేదు.
“రానోళ్ల బరువు కూడా
వచ్చినోళ్ల మీదే పడతాది బాబూ,”
అంది, కోనాం మొప్ప ఎత్తి
చూసీ చూడనట్టు
దించేస్తూ.